అంకెల గాదె

ఎర్రనేలల మెట్టసీమలో అవురుపల్లి యను గ్రామమొకటి కలదు. ఒకప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో రంగారెడ్డి జిల్లాలో చేరినది. ఆముదము, జొన్న అచ్చటి పాత పంటలు; కల్లుగీత కొన్ని కుటుంబములకు జీవనాధారము. ఇట్టి ఊళ్లు తెలుగుసీమలో వేలకొలది యున్నవి. పటములో పట్టి పట్టి వెదకినగాని కనబడని ఈ ఊరి పేరు, ఆర్థికశాస్త్రమున కృషిచేయు ప్రపంచ పండితులకు మాత్రము చిరపరిచితము. ఈ ఊరి పొలిమేర త్రొక్కనివారు, తెలుగు అక్షరము ఎరుగనివారు, దేశాంతరములందు కంప్యూటరు ముందు కూర్చుండి, అర్ధశతాబ్దము క్రిందట ఈ ఊరి కూలి ఏ మాసమున ఎన్నినాళ్లు పనికి పోయెనో, ఏ రైతు ఎడ్లను ఎప్పుడు అమ్మెనో, ఏ ఇంట ఎంత అప్పు చేరెనో పరిశీలించుచున్నారు.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఒక పల్లె దినచర్య లోకమునకెల్ల విద్యాధనముగా ఎట్లు మారినది? ఆ మార్పువలన ఎవరికి ఏమి లభించినది? పరిశోధకులు తాము కూర్చిన లెక్కలను దాచుకొనక పదిమందికి తెరచియుంచు దత్తాంశ భాండారములను గూర్చి విద్యాలోకమున నేడు జరుగుచున్న చర్చకు, ఈ చిన్న ఊరి కథకంటె మంచి వ్యాఖ్యానము లేదు.

నలువది గడపల చిట్టా

1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువునందు ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ వెలసినది. జొన్న, సజ్జ, కంది, శనగ మొదలైన మెట్టపంటలలో మేలురకములు పుట్టించుట దాని పని. అయితే, పరిశోధన క్షేత్రములో పండిన విత్తనము రైతు చేనికి పోవునప్పటికి కథ మారును. పండితుడు మెచ్చిన విత్తనమును రైతు ఒల్లడు. ఏల ఒల్లడు? భయముచేతనా? పెట్టుబడి లేకనా? లేక పండితుడెరుగని లెక్క ఏదో రైతు ఎరిగియుండుటచేతనా? ఈ ప్రశ్నకు సమాధానము ప్రయోగశాలలో దొరకదని, పల్లెకు పోయి కూర్చుండవలసినదేయని ఆ సంస్థలోని ఆర్థికశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. హాన్స్ బిన్స్‌వేంజర్, ఎన్.ఎస్. జోధా, జేమ్స్ రయన్ ప్రభృతులు వారిలో ముఖ్యులు.

1975లో ఆరు గ్రామములను ఎన్నుకొనిరి. మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, డోకూరు. మహారాష్ట్రలోని షోలాపూరు జిల్లాలో శిరాపూరు, కల్మన్. అకోలా జిల్లాలో కంజరా, కింఖేడా. ప్రతి గ్రామమునందును 40 కుటుంబములు: భూమిలేని కూలివారు 10, చిన్నరైతులు 10, మధ్యతరగతి రైతులు 10, పెద్దరైతులు 10. ఆ గ్రామముల భాష వచ్చిన, పల్లెపట్టున పుట్టిపెరిగిన పట్టభద్రులను పరిశోధకులుగా నియమించి, వారిని ఆ ఊళ్లలోనే కాపురముంచిరి. పట్నమునుండి మోటారులో వచ్చి, చెట్టునీడను నాలుగు ప్రశ్నలడిగి, సాయంకాలమునకు తిరిగిపోవు పద్ధతి కాదిది. మూడు నాలుగు వారములకొకసారి ప్రతి గడపకును పోవలసినదే. గడచిన దినముల లెక్కనెల్ల అడిగి వ్రాసికొనవలసినదే.

ఏ మడిలో ఏమి విత్తిరి? ఎరువెంత? ఇంటివారు ఎన్ని గంటలు పనిచేసిరి, కూలివారు ఎన్ని గంటలు? పండినది ఎంత, అమ్మినది ఎంత, తిన్నది ఎంత? ఎవరివద్ద చేబదులు తెచ్చిరి, ఎవరికి ఇచ్చిరి? ప్రశ్నలు చిన్నవే. కాని పదేండ్లు విడువక అడిగిన, చిన్న ప్రశ్న పెద్దదగును. ఒక ఏటి లెక్క రైతు ఎట్లున్నాడో చెప్పును. పదేండ్ల లెక్క రైతు ఎట్లు నిలద్రొక్కుకొనుచున్నాడో చెప్పును. వాన తప్పిన ఏడు ఏమి చేసెను, మంచి పంట వచ్చిన ఏడు ఏమి చేసెను అను రెండును ఒకే ఇంటి చిట్టాలో ప్రక్కప్రక్కన కనబడును. ఈ తొలి అధ్యయనము 1985 ప్రాంతమువరకు సాగినది.

ఇచ్చట ఒక విషయము మరువరాదు. అప్పులెక్క అన్యునికి చెప్పుకొనుట ఎవరికిని సులభము కాదు. ఇంటి గుట్టు గడప దాటరాదనుట మన పెద్దల మాట. ఆ గడప లోపలి విషయమును కొన్ని వందల కుటుంబములు ఏండ్లతరబడి చెప్పినవి. ఆ అంకెలకు మూలధనము సంస్థ వెచ్చించిన సొమ్ము మాత్రమే కాదు, ఆ కుటుంబములు ఉంచిన నమ్మకము.

పాతరలో మ్రగ్గిన ధాన్యము

సాధారణముగా పరిశోధకుడు కూర్చిన లెక్కల గతి ఏమి? వ్యాసము అచ్చగును, పట్టము వచ్చును, ఉద్యోగము దొరకును. వ్యాసములో కనబడునవి పది పట్టికలు. ఆ పట్టికలకు మూలమైన వేల పుటలు బీరువాలో మిగులును. ఆచార్యుడు ఉద్యోగవిరమణ చేయును. గది మరియొకరికి ఇత్తురు. కాగితమైనచో చెదలు తినును. టేపైనచో దానిని చదువు యంత్రమే లేకుండపోవును. కంప్యూటరు ఫైలైనచో దానిని తెరచు మార్గమెరిగినవాడు మిగులడు. ధాన్యమును పాతర వేసి, పాతర ఎచ్చటనున్నదో చెప్పక పోయిన గృహస్థు కథవంటిదే యిది.

ఇది ఊహ కాదు. కొందరు శాస్త్రజ్ఞులు 2 మొదలు 22 ఏండ్ల ప్రాయముగల 516 పరిశోధన వ్యాసములను ఎన్నుకొని, వాని మూలదత్తాంశములను ఇప్పింపుడని రచయితలను అడిగి చూచిరి. ఆ అధ్యయనము 2014లో ఒక ప్రసిద్ధ జీవశాస్త్ర పత్రికలో వెలువడినది. వ్యాసము వయస్సు ఒక్కొక్క ఏడు పెరుగుకొలదిని, మూలలెక్క దొరకు అవకాశపు పాళ్లు నూటికి 17 వంతున తరుగుచున్నట్లు తేలినది. అనగా విద్యాలోకము ఒక చేత సంపాదించి మరియొక చేత పారబోసికొనుచున్నదన్నమాట.

అవురుపల్లి లెక్కలకు ఆ గతి పట్టలేదు. అంతర్జాలము పుట్టకమునుపే సంస్థ వానిని తనవద్దనే బిగించిపెట్టుకొనక అన్య విశ్వవిద్యాలయముల పండితులకు అందించినది. తరువాత కాలము మారినది. 2001లో పరిశోధకులు మరల అవే గ్రామములకు పోయిరి. తండ్రి పేర నున్న కుటుంబము కొడుకుల కుటుంబములుగా చీలియుండెను. అయినను ఆ చీలికలను జాడదీసి పాత లెక్కతో క్రొత్త లెక్కను కలిపిరి. 2009 మొదలుకొని అధ్యయనము తూర్పు భారతమునకును బంగ్లాదేశమునకును విస్తరించి 42 గ్రామములయినవి. అప్పటి ప్రకాశం జిల్లాలోని పమిడిపాడు, జె.సి. అగ్రహారము వానిలో చేరినవి. ఈ లెక్కలు నేడు అంతర్జాలమున అందరికి అందుబాటులో నున్నవి.

ఒకే లెక్క, పెక్కు చూపులు

గాదె తెరచియుంచిన ఫలమేమి? మొదట ఒక నాణెపు కథ. రైతు సాహసమునకు వెనుదీయునా యని తెలిసికొనుటకై బిన్స్‌వేంజర్ రెండు విధముల పరీక్షించెను. మొదటిది, ప్రశ్నలడుగుట. రెండవది, నిజమైన సొమ్ముతో బొమ్మబొరుసు ఆడించుట. అర్ధరూపాయి పందెమునుండి ఆరంభించి క్రమముగా హెచ్చించిరి; పెద్ద పందెములలో గెలిచిన సొమ్ము కూలివాని నెలరాబడిని మించునది. ఫలితములు 1980లో ప్రకటితమైనవి. నోటిమాటగా చెప్పిన సమాధానములకును, నాణెమెగురవేసినపుడు చేసిన నిర్ణయములకును పొంతనయే లేదు! పందెము పెద్దదైనకొలది దాదాపు అందరును ఒకే రీతిగా జాగ్రత్తపడిరి. కలవానికి లేనివానికి ఆ విషయమున చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. బీదవాడు పిరికివాడు కనుక క్రొత్త విత్తనమును ఒల్లడనుట తగదని, భేదము మనస్సులో కాక పరపతిలోను పెట్టుబడిలోను వెదుకవలెనని ఆ నాణెము పలికినది.

ఆ పరీక్ష చేసినవారు ఆ లెక్కలు వ్రాయించినవారే. తరువాత వచ్చినవారు ఆ లెక్కలు వ్రాయనివారు. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఒడెడ్ స్టార్క్ అను ఇరువురు 1989లో ఒక చిత్రమైన విషయమును బయటపెట్టిరి. ఈ గ్రామములలో ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చి వివాహము చేయుటలో ఒక లోతైన విజ్ఞత కలదని వారి వాదము. మన ఊర వాన తప్పినను అల్లుని ఊర కురియవచ్చును. వియ్యపువారు ఆపదలో అక్కరకు వత్తురు. రాబడి నిలుకడగాలేని రైతులు దూరసంబంధములు చేయుట హెచ్చుగా నున్నదనియు, అట్టి సంబంధముల వలన తిండి హెచ్చుతగ్గులు తగ్గినవనియు లెక్కలు చూపినవి. మన ముత్తవ్వలకు ఇది క్రొత్త మాట కాకపోవచ్చును. కాని శాస్త్రమునకు క్రొత్తది. 1993లో రోజెన్‌జ్వైగ్, కెన్నెత్ వోల్పిన్ అనువారు ఎడ్ల లెక్క తీసిరి. కాలము కలసిరానపుడు రైతు ఎడ్లను అమ్మి ఇల్లు గడుపుకొనును; దానివలన మరుసటియేడు దుక్కికి పశువు కొరవడి పంట దెబ్బతినును. ఆకలి తీర్చిన బేరమే దారిద్ర్యమును పొడిగించునన్నమాట.

ఇక అన్నింటికంటె ప్రసిద్ధమైనది రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో వ్రాసిన వ్యాసము. అవురుపల్లి, శిరాపూరు, కంజరాల లెక్కలను తీసికొని ఆయన ఒక ప్రశ్న వేసెను: ఒక ఇంటి రాబడి పడిపోయినపుడు ఆ ఇంటి తిండియు అంతగా పడిపోవునా? పడిపోదని, ఊరి సగటుతోపాటు కదలునే కాని ఒంటరిగా కూలిపోదని ఆయన తేల్చెను. చేబదులు, దానము, బంధుత్వము, దాచుకొన్న గింజలు ఇవన్నియు కలిసి పేరులేని బీమాగా పనిచేయుచున్నవని భావము. అయితే ఆ రక్షణ పరిపూర్ణము కాదనియు ఆయనయే గుర్తించెను.

మూడేండ్లకు, 1997లో, మార్టిన్ రావలియన్, శుభమ్ చౌధురి ఆ లెక్కలనే మరల తెరచిరి. తిండి ఖర్చును కొలిచిన తీరులోనే చిక్కున్నదని, మరియొక విధముగా కొలిచిన ఇంటి రాబడి దెబ్బ ఇంటి తిండిపై మరింత గట్టిగా తగులుచున్నట్లు తేలునని వాదించిరి. ఊరు ఆదుకొనుట నిజమే. కాని మొదట అనుకొన్నంత కాదు.

ఈ భేదము పండితుల ముచ్చటగా తోపవచ్చును. కాని దీనిపై ఆధారపడి పెద్ద నిర్ణయములు జరుగును. ఊరు తనను తాను ఆదుకొనునన్నచో ప్రభుత్వము చేతులు ముడుచుకొనవచ్చును. ఆదుకొనలేదన్నచో కరవుపనులు పెట్టవలెను, రేషను బియ్యము పంపవలెను. లెక్కలు ఒక్కని పెట్టెలోనే యుండియుండినచో మొదటి మాటయే కడపటి మాటయైయుండెడిది.

అందుకు వేరొక నిదర్శనము. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను సుప్రసిద్ధ ఆచార్యులు, ప్రభుత్వ ఋణము జాతీయోత్పత్తిలో నూటికి 90 పాళ్లు దాటిన దేశములలో అభివృద్ధి సగటున సున్నకంటె దిగువకు పోవునని వ్రాసిరి. పెక్కు దేశములలో ప్రభుత్వ వ్యయము తగ్గింపవలెనని వాదించువారు ఆ వ్యాసమును చేతబట్టిరి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, రచయితలనుండియే మూలపట్టికను తెప్పించుకొని చూచినపుడు, సగటు కట్టుటలో అయిదు దేశముల వరుసలు పొరపాటున జారిపోయినట్లు కనబడినది. మరికొన్ని అభ్యంతరములను కూడ చేర్చి అతడును అతని ఆచార్యులును లెక్క తిరిగి కట్టగా, ఆ సగటు 2.2 శాతము తేలినది. పట్టికలోని పొరపాటును రచయితలు అంగీకరించిరి. తమ ప్రధాన వాదమును మాత్రము విడువలేదు. వాదము ఎవరిదైనను, పట్టిక బయటికి రానిదే ఆ తప్పు బయటపడెడిది కాదు.

గాదె కట్టిన తీరు

దత్తాంశ భాండారము అనగా కుప్పపోసిన అంకెలు కావు. గాదెకు అడుగున గట్టిమట్టి, చుట్టును దడి, పైన మూత, గింజ తీయుటకు కన్నము ఉండవలసినట్లే, దీనికిని కొన్ని అంగములు కలవు. మొదటిది వివరణ పుస్తకము. పట్టికలో "3" అని యున్నచో అది మూడెకరములో, మూడు బస్తాలో, చిన్నరైతును తెలుపు గుర్తో చెప్పునది అదియే. అది లేని అంకె మూగది. రెండవది స్థిరమైన చిరునామా. అంతర్జాలమున పుటలు నేడుండి రేపు మాయమగును. కావున ప్రతి దత్తాంశమునకు మారని గుర్తుసంఖ్య ఒకటి ఇత్తురు. భాండారము స్థలము మారినను ఆ సంఖ్యను పట్టుకొని పోయినచో వస్తువు దొరకును. మూడవది ప్రతుల చరిత్ర. తప్పు దిద్దినపుడు పాతప్రతిని చెరపివేయక, క్రొత్తప్రతిని దాని ప్రక్కన ఉంచుదురు. నాలుగవది, ఎవరు ఏ నియమముపై వాడుకొనవచ్చునో చెప్పు అనుమతిపత్రము.

ఇట్టి భాండారములలో పెద్దల వరుసలోనిది ప్రోటీన్ డేటా బ్యాంకు. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో ఏడే ఏడు ప్రోటీనుల ఆకృతులతో ఆరంభమైనది. నేడు రెండు లక్షలు దాటినది. తొలిదినములలో తమ శ్రమఫలమును అందు చేర్చుటకు శాస్త్రజ్ఞులు పలువురు సంకోచించిరి. క్రమముగా, ఆకృతిని భాండారమున చేర్చనిదే వ్యాసము అచ్చువేయమని పత్రికలు నియమము పెట్టినవి. అందు చేరు ఆకృతుల మంచిచెడ్డలు తేల్చు గీటురాళ్లలో ఒకటి 1963లో మద్రాసునందు జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు గీసిన పటము. ఏండ్లతరబడి వేలమంది ఒక్కొక్క గింజగా చేర్చిన ఆ రాశిపై శిక్షణ పొందియే, ప్రోటీను ఆకృతిని ఊహించు కంప్యూటరు పద్ధతి పుట్టినది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానములో సగము ఆ పద్ధతిని నిర్మించిన ఇరువురకు లభించినది. చేర్చినవారిలో ఏ ఒక్కరును ఆనాడు ఈ ఫలమును ఊహించియుండరు.

2006లో హార్వర్డు విశ్వవిద్యాలయమున రూపొందిన డేటావర్స్ అను ఏర్పాటును పెక్కు సంస్థలు తమ భాండారములకు పునాదిగా గ్రహించినవి. ఇక్రిశాట్ వానిలో ఒకటి. 2013లో ఐరోపా అణుపరిశోధన సంస్థ జెనోడో అను భాండారమును నెలకొల్పి, ఏ దేశపు పరిశోధకుడైనను తన లెక్కలను ఉచితముగా దాచుకొను అవకాశము కల్పించినది. చిన్న కళాశాలలో సొంత భాండారము లేక పరిశోధన చేయు అధ్యాపకునికి అది పెన్నిధి.

ఎవరి ధనము?

ఇంతవరకు చెప్పినది ఒక వంక. రెండవ వంక కూడ చూడవలసియున్నది. పంచిన కొలది పెరుగుట విద్యాధనపు లక్షణమని మనవారు తరతరములుగా చెప్పుచున్నారు. నిజమే. కాని పంచునది ఎవరి ధనము?

మొదటి చిక్కు పరిశోధకునిది. ఎండలో వానలో పల్లెలో కాపురముండి లెక్క వ్రాసినవాడొకడు. చల్లని గదిలో కూర్చుండి దానిని దించుకొని పేరుపొందువాడు మరియొకడు. ప్రసిద్ధవ్యాసముల శీర్షముపై ఆ గ్రామములలో నివసించిన పరిశోధకుల పేర్లు కనబడవు. దత్తాంశమును కూడ గ్రంథమువలెనే పేరుతో ఉదహరింపవలెనను ఆచారము ఇప్పుడిప్పుడే స్థిరపడుచున్నది. ఆ ఆచారము గట్టిపడనిదే, నీ చిట్టా తెరువుమని క్షేత్రములో పనిచేయువానిని అడుగుట న్యాయము కాదు.

రెండవ చిక్కు ఇంకను సున్నితమైనది. భాండారములలో కుటుంబమునకు పేరుండదు, సంఖ్యయే యుండును. అయినను ఊరి పేరు లోకమునకు తెలిసినదే; ఇండ్లు నలువదియే. ఇన్ని ఎకరములు, ఇన్ని ఎడ్లు, ఇందరు కొడుకులు, ఫలానా ఏట బావి త్రవ్వించిరి అనిన, పరదేశపు పండితునికి అది సంఖ్యయే, కాని ఆ ఊరివాడు చదివిన "ఇది మా పెదనాయన ఇల్లు కాదా!" అనును. పేరు తీసివేసినంతమాత్రమున గుట్టు దాగదు. అందుచేతనే జాగ్రత్తగల భాండారములు కొన్ని వివరములను ముతకచేసి ఇచ్చును. కొన్నిటిని ప్రమాణపత్రముపై సంతకము చేసినవారికి మాత్రమే చూపును. తెరచుట ఎంత ధర్మమో, ఎంతవరకు తెరువవలెనో ఎరుగుట అంత ధర్మము.

మూడవది తిరిగి ఇచ్చు విషయము. పటాన్‌చెరువులోని ఆ ఆవరణలోనే మరియొక గాదె కలదు. అది విత్తనముల గాదె. వందకు పైగా దేశముల నుండి తెచ్చిన లక్షకు పైగా విత్తన నమూనాలు అందు చలిగదులలో భద్రపరచబడియున్నవి. యుద్ధమువలననో కరవువలననో తమ పాతవిత్తనమును పోగొట్టుకొన్న దేశము అడిగినచో, ఆ నేలవిత్తనమును ఆ నేలకే మరల పంపవచ్చును. విత్తు తెచ్చినవాడు విత్తు తిరిగి ఇచ్చును. అది ఆ గాదె ధర్మము.

అంకెల గాదెకు మాత్రము ఆ ధర్మము ఇంకను పూర్తిగా అబ్బలేదు. లెక్కలు చెప్పినది తెలుగులో, మరాఠీలో. అవి నిలిచియున్నది ఆంగ్ల శీర్షికల క్రింద. ఆనాడు ప్రశ్నలకు సమాధానము చెప్పిన రైతు మనుమడు నేడు కళాశాలలో చదువుచుండవచ్చును. తన తాత ఏ ఏట ఏమి విత్తెనో, ఏ కరవును ఎట్లు దాటెనో తెలిసికొనవలెనన్న కోరిక అతనికి కలుగవచ్చును. ప్రపంచపు విద్యార్థులందరికి తెరచియున్న ఆ తలుపు అతనికిని తెరచియే యున్నది. కాని ద్వారముపైనున్న వ్రాత అతని ఇంటిభాషలో లేదు. ఆ వివరణ పుస్తకములను తెలుగు చేయుట, ఆ ఊళ్ల కథను ఆ ఊళ్ల బడులలో చెప్పుట మన విశ్వవిద్యాలయములకు మోయరాని బరువేమి కాదు.

గాదెలో గింజ తినుటకు కొంత, విత్తుటకు కొంత. పండితులు తమ వంతు తిన్నారు, శాస్త్రము బలిసినది. ఆ గింజ పండించిన నేలకు దాని విత్తు తిరిగి చేరునాడు గదా, అవురుపల్లి నలువది గడపలవారు అపరిచితునికి ఇంటి గుట్టు విప్పి చెప్పిన నమ్మకమునకు నిజమైన బదులు తీరుట!